డీకార్బన్ చేయించే ముందు



ఈ వారము మేము వ్రాయుచున్నది వాక్య ధ్యానము కాదు, బండ్ల సంగతి. మన సంఘములో స్టీరింగు పట్టుకొని బ్రతికేవారు తక్కువ మంది కారు. హిందూపురం నుండి బెంగళూరు విమానాశ్రయానికి టాక్సీ నడిపేవారున్నారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి షిఫ్టు మనుషులను దింపి వచ్చేవారున్నారు. ధర్మవరం పట్టుచీరల మూటలు మోసేవారు, చింతపండు కాలమొస్తే మార్కెట్టు చుట్టూ తిరిగేవారు ఉన్నారు. సేవకు రాకముందు మేము కొన్నాళ్ళు మెకానిక్ షెడ్డులో పని చేసిన వారమని తెలిసిన తమ్ముళ్ళు ఈ మధ్య ఒకే మాట అడుగుచున్నారు: "అయ్యగారూ, బండికి కార్బన్ పట్టిందంట, డీకార్బన్ చేపిచ్చమంటాండారు. చేపిచ్చేదా, వద్దా?"

ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుట కంటె అందరికీ ఒకేసారి వ్రాయుట మేలనిపించినది. మా అభిప్రాయము ముందే చెప్పెదము. ప్రతి సర్వీసుకూ మొక్కుబడిలాగ చేయించే డీకార్బన్‌లో అధిక భాగము డబ్బు దండుగ. నిజముగా మసి పట్టిన ఇంజిన్‌కు మాత్రము చేయవలసిన పని ఉన్నది, అయితే అది బాటిల్ పోసినంత మాత్రాన జరిగే పని కాదు. ఈ రెంటికీ తేడా తెలియక నెల కంతు కట్టవలసిన డబ్బు గ్యారేజీలో పెట్టి వచ్చుచున్నారు గనుకనే ఇంత పొడుగున వ్రాయవలసి వచ్చినది.

మసి ఎందుకు పడుతుందో మన ఇంటి పొయ్యే చెప్పును. కట్టె పచ్చిదైనా, గాలి చాలకపోయినా కుండ అడుగు నల్లబడును. ఇంజిన్‌లోనూ అంతే. పెట్రోలుకు సరిపోయినంత గాలి అందకపోయినా, ఇంజిన్ వేడెక్కకముందే ఆపేసినా, ఆయిల్ కొంచెము కొంచెము పైకి వచ్చి కాలినా, కాలీ కాలని పదార్థము పిస్టన్ నెత్తిన, వాల్వుల మీద, ప్లగ్గు కొన మీద గట్టిపడును. పిస్టన్ నెత్తిన పొర మందమైతే లోపలి చోటు తగ్గి ఒత్తిడి పెరుగును, ఎర్రగా కాలిన మసి ముక్క ప్లగ్గు నిప్పు వేయకముందే పెట్రోలును అంటించును. అప్పుడు ఎత్తు ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ వినబడును. ఇప్పటి కార్లలో సెన్సారు ఆ శబ్దమును పట్టి నిప్పు వేసే సమయమును వెనక్కు జరుపును. శబ్దము ఆగును గాని పికప్ పోవును, మైలేజీ పడిపోవును.

పెద్దవారికి ఇది కొత్త కాదు. లూనాలు, చేతక్‌లు, రాజ్‌దూత్‌లు తిరిగిన కాలములో పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసేవాళ్ళము. టూ స్ట్రోక్ ఇంజిన్ ఆ ఆయిల్‌ను కూడా కాల్చేది గనుక సైలెన్సర్ లోపల, సిలిండర్ పొగ దారి దగ్గర మసి గడ్డకట్టేది. బండి ఎత్తు ఎక్కక మూలిగేది. షెడ్డులో సైలెన్సర్ విప్పి, మంటలో ఎర్రగా కాల్చి, సుత్తితో తట్టి మసి రాల్చేవారు. కొందరు కాస్టిక్ సోడా నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టేవారు. ఇనుప సైలెన్సర్‌కు అది చెల్లింది. ఆ అలవాటునే కారు హెడ్డు దగ్గరికి, పిస్టన్ దగ్గరికి తెచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అవి అల్యూమినియంతో చేసినవి. కాస్టిక్ సోడా అల్యూమినియమునే తినివేయును. ఈ ఒక్క మాట షెడ్డులో పని నేర్చుకొనే పిల్లలకు తప్పక చెప్పండి.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాము. డీకార్బన్ చేయించాలా అనే ప్రశ్న కంటె ముందు అడగవలసినది ఒకటున్నది: మీ ఇంజిన్‌లో పెట్రోలు ఎక్కడ చిమ్ముతుంది? మామూలు ఎంపీఎఫ్ఐ ఇంజిన్‌లో ఇంజెక్టర్ గాలి దారిలో, ఇన్‌టేక్ వాల్వు వెనుక చిమ్మును. పెట్రోలు, అందులో కలిసిన శుభ్రపరిచే మందు, వాల్వు వీపు మీద పడి ప్రతి తిప్పుకూ దానిని కడుగుచుండును. మన వాళ్ళ దగ్గర ఎక్కువగా ఉన్న ఆల్టో, డిజైర్, ఎర్టిగా పెట్రోలు బండ్లు ఈ రకమువే. వీటి ఇన్‌టేక్ వాల్వులకు పెద్దగా మసి పట్టదు. సీఎన్‌జీ మీద నడిచే వాటిలో మసి మరీ తక్కువ. అటువంటి బండి తీసుకొని పోయి పదివేల కిలోమీటర్లకొకసారి డీకార్బన్ చేయించుట, తోమిన గిన్నెను మరల తోముటయే.

జీడీఐ అనే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ సంగతి వేరు. ఇందులో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్మబడును. మంట మీద అదుపు ఎక్కువ, చిన్న ఇంజిన్‌తోనే ఎక్కువ బలము. 1996లో జపానులో మిత్సుబిషి గెలాంట్ కారులో పెట్టిన తరువాత ఈ పద్ధతి పెద్ద ఎత్తున వ్యాపించినది. లాభముతో కూడ ఒక ఇబ్బంది వచ్చినది. పెట్రోలు ఇన్‌టేక్ వాల్వును తాకనే తాకదు గనుక దానిని కడిగేదే లేదు. ఇంకొక వైపు, ఇంజిన్ అడుగున పుట్టే ఆయిల్ ఆవిరిని పర్యావరణ నిబంధనల ప్రకారము బయటికి వదలక మరల గాలి దారిలోకే పంపుదురు. ఆ ఆవిరి వేడి వాల్వు మీద పడి అంటుకొని, ఎండి, గట్టిపడి, పొర మీద పొరగా పెరుగును. బాగా తిరిగిన ఇంజిన్ విప్పి చూస్తే వాల్వు కాడ చుట్టూ మాడిన బెల్లపు పాకము లాగ కనబడును.

ఇది ఎక్కడో జపాను సంగతి అనుకోవద్దు. మన ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందము జరిగి, 2019లో అమ్మకపు కార్లు బయటికి వచ్చినవి. మొదట వచ్చిన సెల్టోస్‌లో ఒక రకమునకు 1.4 లీటర్ల టర్బో జీడీఐ ఇంజిన్, ఇంకొక రకమునకు 1.5 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్, మూడవ దానికి డీజిల్ ఇంజిన్ పెట్టిరి. 2020లో వచ్చిన సోనెట్‌లోనూ 1.0 లీటరు టర్బో జీడీఐ ఒకటి, 1.2 లీటర్ల మామూలు పెట్రోలు ఒకటి. చూడండి, పేరు ఒకటే, పైన రంగు ఒకటే, లోపల ఇంజిన్ వేరు, మసి పట్టే తీరు వేరు. ఇందులో ఈ కంపెనీ తప్పు అని మేము అనుట లేదు. ఏ దేశపు ఏ కంపెనీ చేసినా డైరెక్ట్ ఇంజెక్షన్ స్వభావమే అది. టొయోటా వారు 2005లోనే రెండు చోట్లా ఇంజెక్టర్లు పెట్టిన ఇంజిన్ తెచ్చిరి. వాల్వు వెనుక ఒకటి, సిలిండర్‌లో ఒకటి. ఖర్చు ఎక్కువ గనుక అన్ని కార్లకూ అది రాలేదు.

సెకండ్ హ్యాండులో కారు కొనబోయే తమ్ముళ్ళు అందుకే అమ్మేవాని మాట కాక ఆర్సీ, ఇంజిన్ రకము చూసుకోవలెను. టర్బో జీడీఐ మంచి ఇంజిన్‌యే. అయితే లక్ష కిలోమీటర్లు దాటిన దానిని తీసుకొనేటప్పుడు వాల్వులు ఎప్పుడైనా శుభ్రము చేసిరా అని అడిగి, చేయకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించుకొనుట న్యాయము.

ఇక గ్యారేజీలో చేసే పనుల మాట. బాటిల్ ఒకటి ఉన్నది, పెట్రోలు ట్యాంకులో పోసేది. మంచి రకము మందైతే ఇంజెక్టర్ కొనను, పిస్టన్ నెత్తిని కొంత శుభ్రము చేయును. ఇది నిజమే, కాదనము. కాని జీడీఐ ఇంజిన్‌లో పెట్రోలు పోని చోటికి పెట్రోలులో కలిపిన మందు ఎట్లు పోవును? వాల్వు వీపు మీది మసి చెక్కుచెదరదు. అయినా అమ్మేవారు వాల్వు మసి కోసమే ఆ బాటిల్ అమ్ముచున్నారు.

రెండవది హైడ్రోజన్ యంత్రము. నీటిని కరెంటుతో విడగొట్టి ఆ వాయువును అరగంట, ముప్పావు గంట ఇంజిన్‌లోకి పంపి, మసి అంతా కాలిపోయినదని చెప్పుదురు. యంత్రము మీద లైట్లు వెలుగును, సైలెన్సర్ నుండి నీళ్ళు కారును, చూచుటకు బాగుండును. మా అభిప్రాయములో ఇక్కడ కొంచెము ఆలోచించవలెను. బండి నిలబెట్టి ఊరకే తిప్పే ఇంజిన్ లోపల వేడి, హైవే మీద బరువు లాగే ఇంజిన్ వేడి కంటె చాలా తక్కువ. పైగా ఇన్‌టేక్ వాల్వు వీపు మంట మండే గదికి బయట ఉండును. అక్కడికి ఏ మంటా రాదు. రాని మంట ఏ మసిని కాల్చును? "అయ్యగారూ, చేపిచ్చినాక పికప్ వచ్చింది" అని ఒక తమ్ముడు చెప్పినాడు. బిల్లు చూపమన్నాము. ఆ రోజే ఎయిర్ ఫిల్టర్, నాలుగు ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ కూడ మార్చినారు. పికప్ దేనివలన వచ్చినదో ఆ తమ్ముడే చెప్పవలెను.

మూడవది స్ప్రే. థ్రాటిల్ బాడీకి పట్టిన జిగురు తీయుటకు స్ప్రే, గుడ్డ చాలును. ఊరకే నిలబడినప్పుడు ఇంజిన్ ఊగిసలాడితే ముందు చూడవలసినది ఇదే, ఖర్చు కూడ తక్కువ. గాలిని కొలిచే సెన్సారు మీద మాత్రము అదే స్ప్రే కొట్టరాదు, ఆ సన్నని తీగ పాడగును. ఇంజిన్ నడుస్తుండగా గాలి దారిలో స్ప్రే కొట్టి వాల్వు మసి తీసే పద్ధతి ఒకటున్నది. లేత పొరకు కొంత పని చేయునేమో గాని, గట్టిపడిన దానికి చాలదు. టర్బో ఉన్న బండిలో మేము దీనికి ఒప్పుకొనము. ఊడిన గట్టి ముక్క పొగ దారిన పోయి టర్బో చక్రమునకు తగిలితే నష్టము ఎంతో చెప్పనవసరము లేదు.

నిజమైన పని నాల్గవది. గాలి దారి విప్పి, ఒక్కొక్క సిలిండర్‌కు రెండు ఇన్‌టేక్ వాల్వులూ మూసుకొనేటట్లు ఇంజిన్‌ను చేత్తో తిప్పి పెట్టి, నలగగొట్టిన అక్రోటు చిప్పల పొడిని గాలి ఒత్తిడితో కొట్టుదురు. ఒక గొట్టము కొట్టును, ఇంకొక గొట్టము పీల్చును. అక్రోటు చిప్ప మసి కంటె గట్టిది, వాల్వు లోహము కంటె మెత్తనిది గనుక మసి పోవును, వాల్వు గీరుకోదు. ఎవరు ముందుగా ఆలోచించిరో గాని మంచి ఆలోచన. ఆ యంత్రము మన చిన్న ఊళ్ళ షెడ్డులలో దొరకుట కష్టము. బెంగళూరు దాకా పోలేనివారికి ఓపికగల మెకానిక్ ఉన్నాడు. అదే విధముగా వాల్వులు మూసి, మందు పోసి నానబెట్టి, నైలాన్ బ్రష్షుతోను ప్లాస్టిక్ పుల్లతోను తోమి, నల్లని నీళ్ళను సిరంజితో లాగివేయును. పూట పట్టును, ఒక్కొక్కసారి రోజంతా పట్టును. దీనికి కూలి ఎక్కువ అడిగితే బేరమాడకండి. స్క్రూడ్రైవర్‌తో గీకేవానిని, ఎమరీ పేపర్ రుద్దేవానిని మాత్రము దగ్గరికి రానీయకండి. ఎమరీ పేపర్ నుండి రాలిన ఇసుక ఒక్క చిటికెడు లోపలికి పోతే బోరు గీరుకొనిపోవును.

డీజిల్ బండ్ల వారు మమ్మల్ని మరచిపోయిరి అనుకొందురేమో. బొలేరో, ఇన్నోవా వంటి వాటిలో మసి ఇంకొక దారిన వచ్చును. విషవాయువు తగ్గించుటకు కొంత పొగను మరల ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ వాల్వు ఒకటుండును. పొగలోని మసి, ఆయిల్ ఆవిరి కలిసి తారు లాగ గాలి దారిని మూసివేయును. దానిని విప్పి కడుగుట కష్టమైన పని కాదు. కొందరు దానిని రేకు ముక్కతో మూసివేయించుకొనుచున్నారు. అది చట్టవిరుద్ధము, మన పిల్లలు పీల్చే గాలికి కీడు కూడ. 2020 ఏప్రిల్ 1 నుండి అమ్మిన బీఎస్6 డీజిల్ కార్లలో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి వడకట్టు కూడ ఉన్నది. అందులో చిక్కిన మసి సుమారు 600 డిగ్రీల వేడిలో తనంతట కాలిపోవలెను. హిందూపురం బజారులో మూడు కిలోమీటర్లు పోయి ఆపి, మరల మూడు కిలోమీటర్లు పోయే బండికి ఆ వేడి ఎప్పుడు రావలెను? లైటు వెలిగిన వెంటనే పెనుకొండ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కి కొడికొండ చెక్‌పోస్టు వైపు అరగంట ఆపకుండా, ఒక గేరు తగ్గించి, వేగపరిమితి లోపలే నడిపి చూడండి. అనేకసార్లు లైటు ఆరిపోవును. పెట్రోలు బండి ప్లగ్గు కొన కూడ 450 డిగ్రీలు దాటితేనే తన మసి తాను కాల్చుకొనును. అయితే ఈ హైవే వైద్యము జీడీఐ వాల్వు వీపుకు పనికిరాదని మరల గుర్తు చేయుచున్నాము.

మసి రాకుండ చేసుకొనేది కొంత మన చేతిలోనే ఉన్నది. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, చెప్పిన గడువుకు ముందే మార్పు. గిరాకీ కోసము స్టాండులో నిలబడి గంటలకొద్దీ ఏసీ వేసి ఇంజిన్ తిప్పుట మానవలెను. ఎండ సంగతి మాకు తెలియును, మే నెలలో మన ఊళ్ళు ఎట్లుండునో తెలియును. అయినా వేపచెట్టు నీడ చూసుకొనుట ఇంజిన్‌కూ మీకూ మంచిదే.

ఇంతవరకు డబ్బు మాట. మాకు ఎక్కువ బాధ కలిగించేది వేరే ఉన్నది. మసి గీకేది ఎవరు? షెడ్డు యజమాని కాదు. పని నేర్చుకొనుటకు వచ్చిన పిల్లవాడు. వట్టి చేతులతో, పెట్రోలులో ముంచిన గుడ్డతో, ముఖము దగ్గర పెట్టుకొని గీకును. తరువాత గాలి గొట్టము పెట్టి ఊదితే ఆ మసి అంతా వాని ముక్కులోకే పోవును. సాయంత్రము చేతుల నలుపు పోవుటకు మరల పెట్రోలుతోనే కడుగుకొనును.

మసి చర్మమునకు చేసే కీడు కొత్తగా తెలిసినది కాదు. 1775లోనే లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు తుడిచే పనివారికి వచ్చే క్యాన్సర్‌కు ఆ మసియే కారణమని వ్రాసెను. చిన్న పిల్లలుగా ఉన్నప్పుడే వారిని ఆ పనికి పెట్టేవారు, పుండు పెద్దయిన తరువాత బయటపడేది. డీజిల్ పొగ మనుష్యులకు క్యాన్సర్ కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగము 2012లో తేల్చినది. ఇన్నేళ్ళు గడిచినా మన షెడ్డులలో ఒక జత గ్లౌజులు లేవు. వేల రూపాయల డీకార్బన్ బిల్లులో ఆ పిల్లవాని గ్లౌజులకు, మాస్కుకు, సబ్బుకు ఎంత ఉన్నదని అడిగేవారు లేరు.

14 ఏళ్ళు నిండని పిల్లలను పనిలో పెట్టుట నేరము. సొంత కుటుంబపు పనిలో బడి వేళ తరువాత చేసే సహాయము వంటి మినహాయింపులు తప్ప ఏ పనిలోనూ పెట్టరాదని 2016 చట్ట సవరణ చెప్పుచున్నది. ఆ వయస్సు దాటిన వారి మాటకే వద్దాము. మన సంఘములో షెడ్డులు నడిపే సహోదరులు ఇద్దరు ముగ్గురున్నారు, ఇది చదువుదురని మాకు తెలియును. నైట్రైల్ గ్లౌజులు కొనండి. గాలితో ఊదుటకు ముందు తడి గుడ్డతో తుడిపించండి. చేతులకు సబ్బు, రంపపుపొట్టు పెట్టండి. బండి తెచ్చేవారు కూడ కీలు ఇచ్చేటప్పుడు గ్లౌజులు ఉన్నాయా అని ఒక్క మాట అడగండి. గిరాకీ అడిగితే యజమాని కొనును.

ఇక చేయదగిన పని ఒకటి అనుకొన్నాము. ఫోనుకు తగిలించి లోపలి భాగమును చూచే సన్నని కెమెరా, బోరోస్కోప్ అందురు, తక్కువ ధరకే దొరుకుచున్నది. ఎనిమిది మిల్లీమీటర్లు గానీ అంతకన్న సన్ననిది గానీ అయితే ప్లగ్గు రంధ్రములో పట్టును. డ్రైవరు తమ్ముళ్ళు తలా కొంచెము వేసుకొని ఒకటి కొన్నారు. ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాత, ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము తుడిచి, ప్లగ్గు విప్పి దించితే పిస్టన్ నెత్తి కనబడును. వాల్వు వీపు చూడవలెనంటే గాలి దారి వైపు నుండి పోవలెను, దానికి మెకానిక్ సహాయము కావలెను. పలుచని నలుపు ఉంటే భయపడకండి, ప్రతి ఇంజిన్‌కూ అది ఉండును. గడ్డలు గడ్డలుగా పెరిగి ఉంటేనే పని చేయించండి. చేయించే ముందు ఒక ఫోటో, తరువాత ఒక ఫోటో అడగండి. ఫోటో చూపని గ్యారేజీకి డీకార్బన్ డబ్బు ఇవ్వనవసరము లేదని మా అభిప్రాయము. డీకార్బన్ వద్దని చెబితే వారంటీ పోవునని ఎవరైనా బెదిరిస్తే, ఆ మాట కాగితము మీద వ్రాసి ఇమ్మనండి.

కెమెరా మందిరము బీరువాలో ఉన్నది. ఆదివారము ఆరాధన అయిన తరువాత పుస్తకములో పేరు, బండి నంబరు వ్రాసి తీసుకొనవచ్చును. రెండు రోజులలో తిరిగి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కొనకు అంటిన మసి మెత్తని గుడ్డతో తుడిచి ఇవ్వండి, పోయినసారి అద్దము మసకబారి వచ్చినది.